ట్రౌట్ లేని దేశంలో ట్రౌట్ మేత

నేను ఎమ్మెస్సీ జువాలజీ. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తృప్తిగా ఉంటుంది. దుబాయ్‌లో అన్నేళ్లు ఉద్యోగం చేసినా ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు ఇద్దరే. ఒకరు నా సర్టిఫికెట్ మీద ముద్ర వేసిన గుమాస్తా, రెండోవాడు మా ముదీర్, అంటే మేనేజరు. గుమాస్తా కనీసం ముద్రయినా వేశాడు.

మాది పర్యావరణ నివేదికలు రాసే కంపెనీ. ఎవరైనా కొండల్లో రోడ్డు వేయాలన్నా, ఆనకట్ట కట్టాలన్నా, అక్కడి చెట్టూ పుట్టా పురుగూ ఏమైపోతాయో ముందుగా ఒక లావుపాటి నివేదిక రాయించుకోవాలి. రాసేవాళ్లు గాజు గదుల్లో కూర్చునేవాళ్లు. నేను బయట డాక్యుమెంట్ కంట్రోలర్. అంటే ఆ నివేదికలకు నంబర్లు వేసి, ఏ కాపీ ఎవరికి వెళ్లిందో రాసిపెట్టుకునే మనిషిని. ప్రతి నివేదిక మొదటి పేజీలో మూడు గళ్లుంటాయి. తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఆ గళ్లు గీసేది నేను, వాటిలో పేర్లు మాత్రం ఇతరులవి. అక్కడి సర్కారు ఇచ్చే లేబర్ కార్డు మీద నా ఉద్యోగం క్లర్క్ అని ఉండేది. దాని స్థానంలో ఎకాలజిస్ట్ అనే మాట చూసుకోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదంటే, మా ఆయన పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే అదే చెప్పాను. ఆయన చీర కొన్నాడు.

మా ముదీర్ చలిదేశపు మనిషి. ఆయనకు ట్రౌట్ పిచ్చి. ట్రౌట్ అంటే చల్లటి సెలయేళ్లలో ఉండే చేప. దానికి వానపాము గుచ్చి గాలం వేయడం ఆయన దృష్టిలో అనాగరికం. నీళ్లలో పుట్టే పురుగుల్ని ఆ చేప తింటుంది కాబట్టి, ఆ పురుగు ఎలా ఉంటుందో కళ్లారా చూసి, కోడి మెడ ఈకలూ కుందేలు చెవి బొచ్చూ దారంతో గాలపు ముల్లుకు కట్టి, నకిలీ పురుగును చేసి నీళ్లమీద వేయాలి. ఆ పూట ఏటి మీద ఎగురుతున్న పురుగు ఏ రంగులో, ఎంత పొడవుందో ఇదీ అలాగే ఉండాలి. లేకపోతే చేపగారు ముట్టరు. ఇంత తతంగమూ చేసి పట్టాక దానితో ఒక ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. 

ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆయన అన్నం తినడం ఆపాడు. "పట్టి వదిలేస్తాడా? అంతోటి దానికి పట్టడమెందుకు, గట్టున నిలబడి పలకరించి వస్తే పోలా?"

దుబాయ్‌లో ట్రౌట్ ఉండేది ఒక్క సూపర్‌మార్కెట్‌లోనే, ఐసు మీద నోరు తెరుచుకుని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ మా ముదీర్ తక్కువవాడు కాదు. చేప లేకపోతేనేం, చేప తిండి ఉంది కదా అన్నాడు. ఖోర్ ఫక్కాన్ వెనక కొండల్లో ఏడాది పొడవునా నీళ్లుండే వాదీలు, అంటే కొండవాగులు, కొన్ని ఉన్నాయి. ఆ నీళ్లలో ట్రౌట్ తినే పురుగుల చుట్టాలే ఉన్నాయి. వాటిని ఫొటోలు తీసి, పేర్లు పెట్టి, పక్కనే తాను కట్టిన నకిలీ పురుగు బొమ్మ వేసి, తన ఊళ్లోని గాలం క్లబ్బు పత్రికకు వ్యాసం పంపుతాడట. అరేబియా ఎడారిలో ట్రౌట్ మేత! అక్కడి ముసలాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడతారట.

2011 చలికాలంలో నన్ను గదిలోకి పిలిచాడు. "మీరు జువాలజీ కదా?" అని అడిగాడు. ఆ మాట ఆయన నోట వినగానే కార్డు మారిపోయినట్టే అనిపించింది నాకు. "మీ దగ్గర దగ్గరి వస్తువుల్ని తీసే లెన్సు కూడా ఉందటగా" అన్నాడు. ఉంది. మా ఆయన కొన్న కెమెరాకు నేను పట్టుబట్టి కొనిపించింది. "ఇది బాగా చేస్తే మీకు ఫీల్డ్ పనులు ఇవ్వడం గురించి ఆలోచిద్దాం" అన్నాడు. పెద్దవాళ్ల ఆలోచనకు గడువుండదని నాకు అప్పటికి తెలియదు.

అక్కడ సెలవు శుక్రవారం. ఆయన రెండు శుక్రవారాలు మాతో వచ్చి, మూడో వారం నుంచి నడుం నొప్పి అన్నాడు. మిగిలింది నేనూ, డ్రైవర్ భాయ్. మా ఆయనది ఏసీల కంపెనీ కాబట్టి ఆయనకు శుక్రవారమూ పనే. భాయ్ నెల్లూరు వైపు ముసల్మాను. యాభై దాటినవాడు, ఇరవై ఏళ్లుగా దుబాయ్‌లో బండి తోలుతున్నవాడు. కంపెనీ ఇచ్చిన గదిలో అల్ వర్సాన్‌లో మరో ఏడుగురితో ఉండేవాడు. ఆఫీసులో నన్ను మేడమ్ అనేవాడు, బండెక్కితే అమ్మా అనేవాడు. వారానికి ఒక్క సెలవు, అదీ ఈ పురుగులకే ఇచ్చేశాడు.

"నీ సెలవు పాడవుతోంది కదా భాయ్" అన్నాను ఒకసారి, మర్యాదకు.

"రూములో ఉంటే మాత్రం ఏం చేస్తానమ్మా, మంచం మీద పడుకోని ఏసీని చూసేదే గదా. ఇక్కడ నీళ్లన్నా చూస్తుండా. యల్లా, పదండి."

వాదీలో పని ఏమిటంటే, మోకాళ్ల లోతు నీళ్లలో వంగి రాయి ఎత్తి, దాని అడుగున అంటుకున్న పురుగును మెత్తటి కుంచెతో తెల్లటి పళ్లెంలోకి దించాలి. రాయి కింద టీ జాలి పట్టుకుంటే జారిపోయినవి అందులో పడతాయి. నేను రాళ్లు ఎత్తి పక్కకు పడేస్తుంటే భాయ్ ఊరుకునేవాడు కాదు. "మళ్లా అట్నే పెట్టాలమ్మా. అది వాటి ఇల్లు గదా" అని ఒక్కో రాయినీ ఎలా ఉన్నదాన్ని అలా సర్దేవాడు. పురుగును అగ్గిపెట్టెంత గాజు తొట్టిలోకి మార్చి, వెనక బూడిదరంగు అట్ట పెట్టి ఫొటో తీయాలి. అట్ట పట్టుకునేది భాయ్, గొడుగు పట్టుకునేది భాయ్, నీళ్లు వేడెక్కి పురుగు చావకుండా ఐసు పెట్టె చూసుకునేది భాయ్. కెమెరా నొక్కేది నేను. పురుగు కాస్త పక్కకు తిరిగి నిలబడేసరికి నా మెడ పట్టేసేది. ఇంటికెళ్లి చూస్తే వందలో ఒక ఫొటో పనికొచ్చేది.

ముదీర్‌కు ముఖ్యంగా కావలసింది మేఫ్లై అనే పురుగు. తెలుగులో దాని పేరేమిటో మా ప్రొఫెసర్‌కు కూడా తెలియదు. తెలిస్తే పరీక్షలో అడిగేవాడు. అది నెలల తరబడి నీళ్లలో రాళ్లకింద పిల్లపురుగుగా బతుకుతుంది. ఒకరోజు పైకి వచ్చి, మసక రెక్కలతో ఎగిరి ఎక్కడో వాలుతుంది. కొన్ని గంటలయ్యాక మళ్లీ కుబుసం విడిచి ఈసారి అద్దంలాంటి రెక్కలతో బయటపడుతుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగు ఇదొక్కటే. ఆ తర్వాత దానికి తిండి కూడా ఉండదు, జతకూడి చచ్చిపోతుంది. ట్రౌట్ ఈ మూడు రూపాల్నీ తింటుంది కనుక ముదీర్‌కు ఒక్కో రకానివీ మూడు ఫొటోలు కావాలి. ఒకే పేజీలో పిల్ల, మసక రెక్కలది, అద్దం రెక్కలది.

మా వాదీలో రెండు రకాలున్నాయి. అంటే ఆరు ఫొటోలు. చిక్కల్లా ఏ మసక రెక్కలది ఏ అద్దం రెక్కలదిగా మారుతుందో తెలుసుకోవడంలోనే ఉంది. మారాక రంగు, కళ్లు, తోకలు అన్నీ వేరుగా కనిపిస్తాయి. ఎమ్మెస్సీ చదివినదాన్ని కదా, నేను ఎవరినీ అడగలేదు. సైజులు చూసి, పెళ్లిళ్ల పేరయ్యలా జతలు కుదిర్చి, ఆరు ఫొటోలూ రెండు పేజీల్లో పెట్టి ముదీర్‌కు ఇచ్చేశాను. ఆయన మురిసిపోయి ఆ ప్రకారమే ఈకలు కట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం మసాఫీ దగ్గర టీకి ఆగినప్పుడు భాయ్ తన మనసులో మాట చెప్పాడు.

"కార్డు మీద డ్రైవర్ అని ఉన్నంత కాలం ఫ్యామిలీ వీసా ఇయ్యరంటుండారమ్మా. జీతం సరిపోతాదంట, ఆ పేరే అడ్డం. ఫీల్డ్ టెక్నీషియన్ అని ఒక్క మాట పడితే ఖలాస్, ఇంట్లోదాన్నీ చిన్నదాన్నీ తెచ్చుకుంటా. చిన్నదానికి పదేళ్లు. లీవుల్లో నేను దాంతో ఉండిన రోజులన్నీ కలిపినా యాడాది కాదమ్మా."

"నేను ముదీర్‌తో మాట్లాడతాను భాయ్" అన్నాను. నిజంగానే అనుకుని అన్నాను. మంచి మాటలు అనేటప్పుడు నేనెప్పుడూ నిజంగానే అంటాను.

ఆ సాయంత్రం దిగేటప్పుడు ఒక సీసా బండిలో మర్చిపోయాను. మా ఆవకాయ సీసా. ఇంటి దగ్గర ఇంకో ఫొటో తీద్దామని, మూతకు బదులు దోమతెర గుడ్డ కట్టి, అందులో మసక రెక్కల పురుగును పెట్టాను. ఆదివారం పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి భాయ్ నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సీసా బండ్లోనే పెట్టేసి పోతిరి. ఉడికిపోతాదని రూముకి ఎత్తకపొయినా. ఫజర్ నమాజుకి లేస్తే చూస్తినమ్మా, అది సీసాకి అంటుకోని ఉండాది. ఈపు మీద పగిలి, మనం చొక్కా ఇప్పినట్టు ఇప్పేసి ఇంకోటి బయటికొచ్చింది! రూములో అందుర్నీ లేపి చూపించినా."

"ఏమన్నారు?"

"తిట్టినారు."

బిస్కెట్ పొట్లం కాగితం విప్పి చూపించాడు. అందులో ఆ కుబుసం ఉంది, తోకలతో సహా. సీసాలో అద్దం రెక్కల పురుగు. చూడగానే నాకు అర్థమైంది. నేను జతచేసింది పూర్తిగా తలకిందులు. దీన్ని దానికి, దాన్ని దీనికి కట్టబెట్టాను. భాయ్ అక్కడితో ఆగలేదు. తర్వాతి రెండు వారాలూ రెండో రకాన్ని కూడా గదికి తీసుకెళ్లి, ఒక సీసాకు ఎర్రదారం, ఇంకోదానికి నల్లదారం కట్టి, ఒక్కోటి ఎప్పుడు చొక్కా విప్పిందో క్యాలెండర్ వెనక రాసి తెచ్చాడు. మా యూనివర్సిటీలో దీన్ని ప్రాజెక్టు వర్క్ అంటారు. నేను అప్పట్లో సీనియర్ రికార్డు చూసి రాశాను.

ముదీర్ గదిలోకి వెళ్లి, ముందు ఇచ్చిన జతలు తప్పని చెప్పాను. "పెంచి చూశాను" అన్నాను. ఆయన కుబుసాన్ని భూతద్దం కింద పెట్టుకుని ఎంతసేపో చూసి, "అద్భుతం. మీరు ఇంట్లోనే పెంచారా?" అని అడిగాడు.

"అవును" అన్నాను. భాయ్ గది కూడా ఒక ఇల్లే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మరుసటి ఏడాది వేసవికి ముందు పత్రిక వచ్చింది. నునుపైన కాగితం, పేజీ నిండా నా పురుగులు. కుంచెతో గీసినట్టు ఒక్కో మొప్పా కనిపిస్తోంది. ఆనందంతో నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత కింద చూశాను. వ్యాసం, ఫొటోలు, కీటకాల గుర్తింపు అన్నిటికీ ఒకటే పేరు, ముదీర్‌ది. చివర కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. ఎవరికంటే, తన అభిరుచిని ఇన్నేళ్లు భరించిన భార్యకట. ఆవిడ ఒక్కసారి కూడా వాదీలో కాలు పెట్టలేదు.

ఆ రోజు బండిలో నేను తిట్టిన తిట్లు తెలుగులో ఇంకా మిగిలి ఉన్నాయని నాకే తెలియదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నాను. ఒకరి కష్టాన్ని తనదని చెప్పుకునేవాడికి అన్నం ఎలా సహిస్తుంది అన్నాను. పేరు వేస్తే ఆయన సొమ్మేం పోయింది, ఒక్క ముక్క, ఒక్క చిన్న ముక్క రాయడానికి చేతులు పడిపోయాయా అన్నాను. భాయ్ షార్జా ట్రాఫిక్‌లో ఓపిగ్గా అంతా విన్నాడు.

"పోనీలేమ్మా. ఫొటో ఎవురు తీసినారో పురుక్కి తెలుసు గదా" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. నేను ఇన్ని తిట్టినా, తన సీసాల సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. గురివింద గింజ సామెత నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇతరుల మీద ప్రయోగించడం ఇంకా బాగా వచ్చు.

కాలం కలిసివచ్చింది. అదే ఏడాది ఆ కొండల్లో ఒక చిన్న ఆనకట్ట పని మా కంపెనీకి వచ్చింది. నివేదికలో నీటి పురుగుల మీద ఒక అధ్యాయం ఉండాలని పని ఇచ్చినవాళ్లు పట్టుబట్టారు. గాజు గదుల్లో ఒక్కరికీ నీటి పురుగు మొహం తెలియదు. ముదీర్ తన పత్రిక తీసి చూపించాడు, పని ఖాయమైంది. ఇక ఫీల్డ్ బృందం పట్టిక ఒకటి పంపాలి. పేరు, చదువు, చేసే పని. ఆ పట్టికలో ఎవరి పేరుంటే వాళ్ల లేబర్ కార్డు మీద కూడా అదే హోదా ఉండాలి, లేకపోతే కంపెనీ మార్పించాలి. ఆ నిబంధనను నేను రెండుసార్లు చదివాను.

ముదీర్ పిలిచి, "నీటి కీటకాల ఎకాలజిస్ట్ అని మీ పేరు వేయండి. పట్టిక మీరే తయారుచేసి తెండి" అన్నాడు. పత్రికలో చేసింది ఆయనకు గుర్తుందేమో, నా కళ్లలోకి చూడలేదు. నేను క్షమించేశాను. కావలసింది దొరికాక క్షమించడం ఎంత సులువో!

పట్టిక తీసుకెళ్లాను. పైగడిలో నా పేరు, పక్కన ఎమ్మెస్సీ. కిందిగడిలో ఫీల్డ్ టెక్నీషియన్ అని ఉంది, ఎదురుగా ఖాళీ. ముదీర్ పెన్నుతో ఆ గడి మీద కొట్టి అడిగాడు.

"దీనికి ఎవరైనా ఉన్నారా? పురుగుల పెంపకంలో మీకు సాయపడినవాళ్లు ఎవరైనా? ఉంటే రాయండి, కార్డు మార్పిద్దాం. లేకపోతే తీసేయండి."

ఇంతకంటే తేలిగ్గా ఎవరూ అడగలేరు. నేను పేరు చెప్పడమే ఆలస్యం. కానీ ఆ ఒక్క క్షణంలో నా బుర్ర చాలా పని చేసింది. భాయ్ పేరు చెబితే, ఆయనేం చేశాడని ముదీర్ అడుగుతాడు. సీసాల సంగతి చెప్పాలి. అప్పుడు మొదటి జతలు తప్పని కనిపెట్టింది ఎవరు, ఇంట్లో పెంచింది ఎవరు అని వస్తుంది. అదీకాక, పదోతరగతి తప్పిన డ్రైవరు కింద గడిలో ఉంటే పైగడిలో ఎమ్మెస్సీకి విలువేముంటుంది? ఆయన రాళ్లు సర్దే మనిషి, నేను శాస్త్రజ్ఞురాలిని. ఇలాగే అనుకున్నాను. మాటలు ఇవే.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే చేశాను" అన్నాను.

నా బల్ల దగ్గరికి వచ్చి ఆ గడి తీసేశాను. డాక్యుమెంట్ కంట్రోలర్‌ని, గళ్లు తీయడంలో నా అంతటి చెయ్యి ఇంకెవరికీ లేదు. 'తయారుచేసినవారు' అన్నచోట మొట్టమొదటిసారి నా పేరు వేసుకుని, నంబరు కొట్టి పంపించాను.

రెండు నెలలకు కార్డు వచ్చింది. ఎకాలజిస్ట్. మా ఆయన దాన్ని ఫొటో తీసి రెండు వైపుల చుట్టాలకూ పంపాడు. ఆ శుక్రవారం వాదీకి బయలుదేరితే, బండిలో ముందు సీటు మీద ఒక స్వీటు పెట్టె ఉంది. భాయ్ కరామాలో కొని తెచ్చిన మైసూర్‌పాక్.

"మన జిల్లాలోళ్ల కొట్టమ్మా. మీకు కార్డు వచ్చినాదంట గదా. తినండి, తినండి."

ఆయన ముఖంలో ఎంత సంతోషమంటే, కార్డు తనకే వచ్చినట్టుంది. దైద్ దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మెల్లగా అడిగాడు.

"మా సంగతి ఏమన్నా ముదీర్ చెవిన ఏసినారామ్మా?"

నిజం చెప్పడానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. ఖోర్ ఫక్కాన్ ఇంకా గంట దూరం.

"అడిగాను భాయ్. గట్టిగానే అడిగాను. కుదరదన్నారు."

ఆయన తలాడించాడు. కాసేపు స్టీరింగ్ మీద వేళ్లు మెల్లగా ఆడించాడు. తర్వాత నా వైపు తిరిగి నవ్వాడు.

"పోనీలేమ్మా. నా కోసరం ఆయన కాడికి పోయి అడిగినారు, అదే పదివేలు. ఇన్నేళ్లలో నా మాట ఎత్తినోళ్లు ఎవురూ లేరు. ఇంట్లోదానికి ఫోన్లో మీ గురించి చెప్తా. ఇంకో ముక్క తీసుకోండమ్మా."

తీసుకున్నాను.